మూసలో పోసిన చదువు

మా తెలుగు పంతుళ్ళకు ఒక తిట్టు వుంది. కథ నచ్చకపోతే "మూస కథ" అంటాం. పద్యం నచ్చకపోతే "మూసపోత" అంటాం. సినిమాల సంగతి సరేసరి, అక్కడ ఆ మాటకు క్షణం తీరిక లేదు. ఆలోచన అక్కరలేకుండా, ఒకదాని వెంట ఒకటిగా వచ్చిపడేదంతా మూసలోంచి ఊడిపడిందేనని మా సాహిత్యలోకంలో స్థిరపడిపోయింది. ఇంతగా వాడుకునే ఆ మాట వెనక వున్న వస్తువును కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం మాలో వేళ్ళమీద లెక్కకు వస్తారు. లోహం కరిగించే పాత్రకు సంస్కృతంలో "మూష" అని పేరు. తెలుగులో అది మూస అయింది. కరిగించే పాత్రనూ, పోసే అచ్చునూ కూడా మనవాళ్ళు ఆ మాటతోనే పిలిచారు. నిఘంటువు చెప్పేది అంతవరకే. ఆపై సంగతి తెలియాలంటే నిఘంటువు మూసిపెట్టి, చేతులకు ఇసుక అంటించుకోవాలి.

2023 లో నాకు ఆ అవకాశం అనుకోకుండా వచ్చింది.

ఇంజనీరింగు చదువును తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో చెప్పుకోవచ్చునని 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఇచ్చింది. పాఠ్యపుస్తకాలకు అనువాదాలు మొదలయ్యాయి. మా ఊరి ఇంజనీరింగు కళాశాలల్లో ఒకదానివారు మొదటి సంవత్సరం పిల్లలకోసం వర్క్‌షాపు పుస్తకాన్ని తెలుగు చేయించి, భాష సరిచూసి పెట్టమని నాకు పంపారు. తీరుబడిగా చదువుతూవుంటే ఒకచోట "సంకోచ భత్యం" అన్నమాట తగిలింది. తిరగేస్తే "వాలు భత్యం". ఆ పై పేజీలో "యంత్రపుపని భత్యం". మొగమాటస్తులకు సర్కారువారు నెలనెలా ఇచ్చే సొమ్ము కాబోలునని అనుకోరూ చదివినవాళ్ళు? ఇంగ్లీషులో అలవెన్సు అని వుంది. ఉద్యోగులకు కరువుభత్యం ఇచ్చిన అలవాటుకొద్దీ అనువాదకుడు కొయ్యకూ ఇనుముకూ కూడా భత్యం మంజూరు చేసేశాడు.

మరి సరైన మాట ఏది? వస్తువు తెలియందే మాట దొరకదు. వర్క్‌షాపు చూసే ఆచార్యులవారికి ఫోను చేసి అడిగితే, "చెబితే తెలిసేది కాదు మాస్టారూ, మంగళవారం మధ్యాహ్నం రండి, పిల్లలతోబాటు నిలబడి చూద్దురుగాని" అన్నారు. అట్లా ఎనిమిది మంగళవారాలు, మూడేసి గంటల చొప్పున, మా అబ్బాయి ఈడు పిల్లల మధ్య నిలబడి నేను పోతపని నేర్చుకున్నాను.

పాదం ఎట్లా లాగాలి?

వర్క్‌షాపు ఒక పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క వడ్రంగం, ఒక పక్క ఫిట్టింగు, రేకుపని, వెల్డింగు, కరెంటు వైరింగు. చిట్టచివర, అందరికీ ఎడంగా, నల్లటి ఇసుక గుట్టల మధ్య పోతశాల. అక్కడ పాఠం చెప్పింది ఆచార్యులవారు కాదు, ముప్ఫై ఏళ్ళుగా అదే షెడ్డులో వున్న ప్యాటర్ను మేస్త్రిగారు.

ప్యాటర్ను అంటే నమూనా. కావలసిన వస్తువును ముందుగా టేకుతోనో మరో మంచి కొయ్యతోనో చేస్తారు. దాన్ని ఇసుకలో పాతి, చుట్టూ ఇసుక దట్టించి, జాగ్రత్తగా పైకి తీసేస్తే ఆ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు.

ఈ సంగతి మేస్త్రిగారు ఎట్లా చెప్పారో చూడండి. "పిచ్చుకగూళ్ళు కట్టినవాళ్ళు ఎంతమంది?" అని అడిగారు. ముప్ఫైమందిలో ఏడుగురు చేతులెత్తారు. మిగతావాళ్ళ చిన్నతనంలో ఇసుక లేదు పాపం.

"తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, చేత్తో తట్టి తట్టి, మెల్లగా పాదం లాగేస్తాం. పొడి ఇసుకైతే గూడు నిలవదు. నీళ్ళెక్కువైతే జారిపోతుంది. తొందరపడి లాగారా, కూలిపోతుంది. అంతేనమ్మా పోతపని. పాదం బదులు ప్యాటర్ను. మీరు నేర్చుకోవలసిందల్లా పాదం ఎట్లా లాగాలో!"

ఇంతకంటే మంచి నిర్వచనం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

పాదం సులువుగా రావాలంటే ప్యాటర్నుకు వాలు వుండాలి. గోడలు నిట్టనిలువుగా వుంటే పైకి తీసేటప్పుడు ఇసుకను ఒరుసుకుంటూ వచ్చి అంచులు విరిచేస్తుంది. అందుకని నిలువు గోడలన్నిటినీ పైకి వచ్చేకొద్దీ కొంచెం విచ్చుకునేట్టు చిత్రిక పడతారు. ఒక డిగ్రీయో రెండో, కంటికి కనిపించీ కనిపించనట్లు. ఇది మన ఆడవాళ్ళకు కొత్త సంగతి కాదు. ఇడ్లీపళ్ళెంలో గుంట ఏటవాలుగా వుండబట్టే ఇడ్లీ చిట్లకుండా లేస్తుంది. గుంట గ్లాసులా నిలువుగా వుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

రెండో సంగతి ఇంకా చిత్రమైనది. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుపోతుంది. పోత ఇనుము మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు, అల్యూమినియం 13, ఇత్తడి 15, ఉక్కు 20. కాబట్టి కావలసిన కొలతకు చేసిన ప్యాటర్ను ఎందుకూ పనికిరాదు. 150 మిల్లీమీటర్ల అల్యూమినియం చక్రం కావాలంటే కొయ్యచక్రం 152 వుండాలి. దీనికోసం మేస్త్రిగారి దగ్గర ప్రత్యేకమైన స్కేళ్ళు వున్నాయి. పైకి మామూలు స్కేలులాగానే గీతలూ అంకెలూ వుంటాయి, కాని ప్రతి గీతా ముడుచుకుపోయే మేరకు జరిగివుంటుంది. తెలియనివాళ్ళు దానితో గుడ్డ కొలిస్తే కొట్టువాడు లబోదిబోమంటాడు! ఇక పోత తరువాత లేతుమీద పెట్టి నునుపు చెయ్యవలసిన చోట్ల, చెక్కిపోయే మేరకు మరి రెండు మూడు మిల్లీమీటర్లు ముందే కలపాలి.

"వీటిని మీరేమంటారు?" అని మేస్త్రిగారిని అడిగాను.

"ఏముంది మాస్టారూ, వాలు, పెంపు, చెక్కుడు. అంతే."

భత్యాలన్నీ కొట్టేసి ఆ మూడు మాటలూ పుస్తకం అంచున రాసుకున్నాను.

గిలక పెట్టిన పరీక్ష

మూడో మంగళవారం మేస్త్రిగారు ఒక గిలక తెచ్చి బల్లమీద పెట్టారు. బావిమీద వుండే గిలకే. చుట్టూ తాడు కూచునే గాడి, నడుమ ఇరుసు దూరే బెజ్జం. "దీనికి ప్యాటర్ను ఎట్లా చేస్తారు? ఇసుకలోంచి ఎట్లా తీస్తారు?"

మీరూ ఒక నిమిషం ఆలోచించండి. గిలకను పడుకోబెట్టి పాతితే, గాడిలోకి దూరిన ఇసుక పైకి తీసేటప్పుడు అడ్డం వస్తుంది. ఒక కుర్రవాడు గాడి నడిమికి రొట్టెలా అడ్డంగా కోసి రెండు పళ్ళాలు చేద్దామన్నాడు. కిందిపళ్ళెం అంచు వెడల్పు, పైభాగం ఇరుకు. మళ్ళీ ఇసుక విరుగుతుంది. ఇంకొకడు గాడి మానేసి ఉత్త చక్రం పోసి, గాడిని లేతుమీద చెక్కుదామన్నాడు. "చెయ్యొచ్చు. చిన్న గిలకలకు చేస్తారు కూడా. అయితే లోహం దండగ, పని దండగ. ఇంకేదన్నా చెప్పండి" అన్నారు మేస్త్రిగారు.

వెనక వరసలో, అంతవరకూ నోరు మెదపని ఒక అబ్బాయి వచ్చి, ఇరుసు వెంబడి వేలితో గీత గీసి చూపించాడు. "నిలువునా, మామిడికాయ బద్దల్లాగ." అవును. అట్లా రెండు బద్దలు చేసి, కోసిన ముఖం మీద బోర్లించి ఇసుక దట్టిస్తే, తీసేటప్పుడు ఏ మూలా ఏదీ అడ్డం రాదు. ఆ అబ్బాయి వడ్రంగులవారి పిల్లవాడని తరువాత తెలిసింది. ఇంగ్లీషు పాఠాల్లో అతనికి వచ్చే మార్కులు అంతంతమాత్రమట. ఆ రోజు మాత్రం షెడ్డులో అందరూ అతనివైపే చూశారు.

రెండు బద్దలూ పక్కకు జరగకుండా కొయ్యచీలలు పెడతారు. ఒక బద్ద కింది పెట్టెలో, ఒకటి పై పెట్టెలో. ఇరుసు బెజ్జం కోసం కోర్ అనే ఇసుక కడ్డీ వేరే చేస్తారు. ఇసుకలో సోడియం సిలికేటు కలిపి అచ్చులో దట్టించి, బొగ్గుపులుసు వాయువు కొంచెంసేపు పంపితే రాయిలా బిగుసుకుంటుంది. దాని రెండు చివరలూ ఆనుకునేందుకు ప్యాటర్నుకు ముందే చెవుల్లాంటి కొనలు పెట్టాలి. లోహం ఆ కడ్డీ చుట్టూ పారి గట్టిపడుతుంది. తరువాత కడ్డీని పొడిచేస్తే బెజ్జం మిగులుతుంది. లేనిదాన్ని కూడా ముందుగా చేసిపెట్టాలన్నమాట!

ఇసుకకు ఊపిరి

ఏ ఇసుక పడితే ఆ ఇసుక పనికిరాదు. సన్నని సిలికా ఇసుకలో బెంటొనైటు అనే బంకమట్టి, నూటికి నాలుగైదు పాళ్ళ నీళ్ళు కలిపి పిసుకుతారు. పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో యంత్రాలున్నాయి, మేస్త్రిగారికి పిడికిలి వుంది. గుప్పెడు ఇసుక బిగించి పట్టి తెరిస్తే వేలిముద్రలు నిలవాలి. ఆ ముద్దను రెండుగా విరిస్తే అంచులు రాలకుండా విరగాలి. చెయ్యి తడి కాకూడదు. సున్నుండ కట్టినవారికి ఈ పరీక్ష అరనిమిషంలో వస్తుంది.

దట్టించడంలోనే వుంది అసలు మెళకువ. వదులుగా వుంటే లోహం బరువుకు గోడలు ఉబ్బిపోతాయి. మరీ బిగిస్తే ఇసుకకు ఊపిరాడదు. ఎర్రటి సెగ తగలగానే ఇసుకలోని చెమ్మ ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి ఇసుక రేణువుల సందుల్లోంచి బయటికి పోవాలి. దారి లేకపోతే లోహంలోకి దూరి బుడగలుగా మిగిలిపోతుంది. అందుకే సన్నటి తీగతో పైనుంచి గుచ్చి గాలిదారులు చేస్తారు. లోహం పోసే దారి ఒకటి, ఆ పక్కనే రైజరు అనే మరో నిలువు గొట్టం. గిలక ముడుచుకునేటప్పుడు లోపల పడే వెలితిని ఆ రైజరులోని లోహం దిగివచ్చి పూడుస్తుంది. కాబట్టి అది అన్నిటికంటే చివర గట్టిపడాలి. తల్లి అందరికీ వడ్డించి ఆఖరున తిన్నట్టు.

ఒక ప్రశ్న

ఆరో వారానికి ఐదు గుంపుల పిల్లలూ ఐదు అచ్చులు తయారుచేశారు. ఆచార్యులవారు చూసి మార్కులు వేశారు. ఒక అమ్మాయి గుంపుకు అందరికంటే ఎక్కువ వచ్చాయి. అద్దంలా నునుపుగా, అంచులు చెక్కినట్లుగా వుంది వాళ్ళ అచ్చు. తరువాత అందరూ పారలు తీసుకుని అచ్చులు పగలగొట్టబోయారు. అక్కడ ఏటా జరిగేది అదేనట. లోహం కరిగించి చాలా ఏళ్ళయింది. గ్యాసు ఖర్చు, ప్రమాదం భయం, సిలబస్సు తొందర.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "సార్, మా అచ్చు మంచిదని మార్కులు వేశారు. మంచిదో కాదో లోహం పొయ్యకుండా ఎట్లా తెలుస్తుంది?"

ఎవ్వరమూ మాట్లాడలేదు. మేస్త్రిగారు ఇసుక వంక చూస్తూ వుండిపోయారు. ఆయన ఆ టర్ము ఆఖరున రిటైరవుతున్నారు. ఆ స్థానంలో మరొకరిని వేసే ఉద్దేశం పైవారికి లేదని షెడ్డులో అందరికీ తెలుసు.

ఆచార్యులవారు మంచివారు. పై అధికారుల చుట్టూ రెండు రోజులు తిరిగి అనుమతి తెచ్చారు. పిల్లలు మెకానిక్కు షెడ్లు తిరిగి పాత మోటారు పిస్టన్లు పోగుచేశారు. పిస్టన్లే ఎందుకంటే, వాటిలో సిలికాన్ కలిసివుంటుంది గనక కరిగాక అచ్చులో మూలమూలకూ చక్కగా పారుతుంది. ఒక అబ్బాయి ఇంట్లోంచి సొట్టపోయిన గిన్నెలు తెస్తే మేస్త్రిగారు నవ్వి, "అమ్మకు ఇచ్చెయ్యి నాయనా, ఇవి సాగడానికి పనికొస్తాయిగాని పొయ్యడానికి రావు" అన్నారు.

ఎనిమిదో మంగళవారం ఫర్నేసు వెలిగింది. అందరికీ బూట్లు, కళ్ళద్దాలు, తోలు చేతొడుగులు. నైలాను బట్టలతో వచ్చినవాళ్ళను బయటే ఆపేశారు. పిస్టన్లను ముందు సెగమీద ఆరబెట్టి మరీ మూసలో వేశారు. చెంచాడు నీళ్ళు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతాయి. కరిగిన లోహం అడుగున తడి చిక్కుకుంటే అది పేలుడే. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సుమారు 720 దగ్గర పోస్తారు. అంత వేడిలోనూ అది ఇనుములా ఎర్రగా భగభగలాడదు. వెండి పాయసంలా అమాయకంగా కనిపిస్తుంది. "దీనంత నంగనాచి లోహం లేదు" అని మేస్త్రిగారు పిల్లలను రెండడుగులు వెనక్కు నిలబెట్టారు. పైన తెట్టె తీసి, పొడుగుకాడ గరిటెతో ఆపకుండా, తొణక్కుండా ఒక్కొక్క అచ్చులో పోశారు. రైజరులో లోహం మెరుస్తూ పైకి తేలినప్పుడల్లా పిల్లలు చప్పట్లు.

గంట తరువాత ఇసుక పగలగొట్టారు. మూడు గిలకలు బాగా వచ్చాయి, రెండు చెడ్డాయి. అందరికంటే తక్కువ మార్కులు వచ్చిన గుంపు గిలక నిక్షేపంలా వుంది. అద్దంలాంటి అచ్చులో పోసిన గిలక అంచునిండా గుంటలు.

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. మేస్త్రిగారు ఆ గిలకను రంపంతో రెండుగా కోయించి దగ్గరకు పిలిచారు. "చూడమ్మా. గుంటల లోపలిగోడ నున్నగా, గుండ్రంగా వుందా? అయితే గాలి. గరుకుగా, చిందరవందరగా వుంటే ముడుచుకుపోయి పడ్డ వెలితి అనుకోవాలి. నువ్వు ఇసుకను మరీ బిగించావు. తీగతో గుచ్చితే నునుపు చెడిపోతుందని నాలుగే గుచ్చావు. నీ అచ్చుకు అందం వుంది, ఊపిరి లేదు."

మర్నాడు ఆమె ఇద్దరు స్నేహితులతో వచ్చి మళ్ళీ దట్టించింది. మేస్త్రిగారు సెలవు పెట్టుకున్న రోజది, అయినా వచ్చారు. సాయంత్రానికి గిలక వచ్చింది. మా గుంపు గిలక మొదటిసారే బాగా వచ్చిందిగాని, అందులో నా వంతు ఇసుక జల్లెడపట్టడమే గనక గొప్పలు చెప్పుకోను.

పాతదీ కొత్తదీ

ఈ విద్య మనకు నిన్నటిది కాదు. మొహంజొదారోలో 1926లో దొరికిన నర్తకి కంచుబొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లు, మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, మైనాన్ని కరిగించి తీసేసి పోసినది. పన్నెండో శతాబ్దంలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు "మానసోల్లాసం"లో ఆ పద్ధతినే వివరించాడు. ఆదిలాబాదు ఓజ కళాకారులు ఇప్పటికీ డోక్రా బొమ్మలు అట్లాగే పోస్తారు. ఆ పనితనానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మైనం కరిగిపోతుంది, మట్టి అచ్చు పగిలిపోతుంది. ఒక అచ్చులోంచి ఒకే బొమ్మ. ఏ రెండు బొమ్మలూ ఒకటి కావు. ఇసుక అచ్చు కూడా అంతే. ప్యాటర్ను ఒకటే అయినా, ప్రతి పోతకూ ఇసుకను మళ్ళీ కొత్తగా దట్టించాలి, మళ్ళీ కొత్తగా ఆలోచించాలి.

ఇవాళ ప్యాటర్నులను కంప్యూటరు చెప్పినట్లు ప్లాస్టిక్కుతో పోగుపోసే యంత్రాలు వచ్చాయి. లోహం ఎక్కడ ముందు గట్టిపడుతుందో, ఎక్కడ వెలితి పడుతుందో పొయ్యకముందే తెరమీద చూపించే లెక్కలు వచ్చాయి. రావలసిందే. పోతల ఉత్పత్తిలో చైనా తరువాత స్థానం మనదేశానిదే. మీ ఇంటి కుళాయి, గ్యాసుపొయ్యి బర్నరు, కుట్టుమిషను ఒళ్ళు, పొలంలో మోటారు పంపు, వీథిలో మురుగుకాలవ మూత, అన్నీ ఎవరో ఇసుకలోంచి తీసినవే. కాని యంత్రం చేసిన ప్యాటర్నుకూ వాలు వుండాలి, పెంపు వుండాలి. వాటిని యంత్రానికి చెప్పేవాడు ఒకసారైనా ఇసుక విరిగిపోవడం చూసివుండాలి.

ఆ మేస్త్రిగారు రిటైరయ్యారు. ఆయన స్కేళ్ళు ఆచార్యులవారి బీరువాలో వున్నాయి. వర్క్‌షాపు పుస్తకం అచ్చయింది. అందులో వాలు, పెంపు, చెక్కుడు అన్న మాటలు వున్నాయి. మాటలు కాగితంమీద వుంటే చాలదు, వాటిని చేత్తో చూపించే మనిషి కావాలి. ఆ మనిషిని ఇంకా వెయ్యలేదు.

మన మధ్యతరగతి ఇళ్ళల్లో పిల్లల్ని ఇంజనీరింగులో చేర్పించబోయేముందు ఎన్ని ప్రశ్నలు అడుగుతాం! ఫీజెంత, హాస్టల్లో భోజనం ఎట్లా వుంటుంది, ఉద్యోగాలు ఎందరికి వచ్చాయి, ఏసీ గదులున్నాయా. అడగవలసిందే. వాటితోబాటు ఇంకొక ప్రశ్న కూడా అడగండి: "మీ వర్క్‌షాపులో పిల్లలు చేసిన అచ్చులో లోహం పోస్తారా, పగలగొట్టేస్తారా?" నలుగురు తల్లిదండ్రులు అడిగితే ఫర్నేసు వెలుగుతుంది. ఫర్నేసు వెలిగితే మేస్త్రి కావలసివస్తాడు. చెడిపోయిన గిలకను రెండుగా కోసి "ఇదిగో, ఇందుకు చెడింది" అని చెప్పేవాడు దగ్గర వుంటే, పిల్లవాడు ఏ పని చేసినా దాని లోపల ఏం జరుగుతున్నదో ఆలోచిస్తాడు.